మిగిలిన ఆరువందల పేజీలు

అరకు సంతలో బజ్జీల పొట్లం విప్పగానే ప్రొఫెసర్ దక్షిణామూర్తి గారు బజ్జీలు వదిలేసి కాగితం చదవసాగారు. ఆ పొట్లం ఆయన పుస్తకంలోని కాగితం.

యూదుల, ముస్లింల పవిత్ర గ్రంథాల మీద ముప్పై ఏళ్లు కష్టపడి రాసిన పుస్తకమది. హీబ్రూ, అరబిక్ మూలపాఠాలు నలభై పేజీలు, ఆయన వ్యాఖ్యానం ఆరువందలు. పోయినేడు ఇక్కడి లైబ్రరీకి తనే పది కాపీలిచ్చి ఫొటో కూడా దిగారు.

"ఏమమ్మా, దేవుడి మాటలున్న పుస్తకాన్ని ఇలా చించుతావా?" అని బజ్జీలమ్మే సోని మీద విరుచుకుపడ్డారు.

సోని లెంపలేసుకుంది. "అయ్యో, దేవుడివి మేమేటీ సెయ్యనేదు బాబూ. లైబ్రరీవోళ్లు పాత కాయితాల్లో అమ్మేసినారు. అలాటి రాతలు పారెయ్యకూడదు, భూమిలో పాతిపెట్టాలని మీరే రాసినారట. బడికెళ్లే మా గుంట సదివి సెప్పింది. ఆ నలభై పేజీలూ కొండ కింద గొయ్యి తీసి, పసుపు జల్లి పాతేసినాం."

ప్రొఫెసర్ గారి మొహం వెలిగిపోయింది. తన పుస్తకం చదివినవాళ్లు ఇన్నాళ్లకు కనిపించారు.

"మరి నేను రాసినవి?"

"మీవి పాతమని అందులో ఎక్కడా నేదట బాబూ. బేగి తినండి, సల్లారిపోతన్నాయి."