స్టీలు డబ్బాలో చలిమిడి

ఇప్పుడు నెల తప్పిన ప్రతి ఆడపిల్ల నడుముకూ ఒక పట్టీ కడుతున్నారు. కడుపులోని మాయ దాటి బిడ్డకు ఏది చేరినా ఆ పట్టీ పైకి చెప్పేస్తుంది. పోయినసారి వర్ధనమ్మ కూతురికి వేడి వేడి గుమ్మడికాయ పులుసు ప్లాస్టిక్ డబ్బాలో పట్టుకెళ్తే, వియ్యపురాలి ముందే పట్టీ పరువు తీసింది.

అందుకే ఐదో నెలలో చలిమిడి పెట్టడానికి స్టీలు డబ్బాతో వెళ్ళింది. కూతురు మేధ ఒక ముద్ద తిన్నదో లేదో, పట్టీ గొంతు సవరించుకుంది.

"బిడ్డకు ప్లాస్టిక్ చేరింది."

"అబద్ధం! ఇది స్టీలే, విను!" అంటూ వర్ధనమ్మ డబ్బాను టంగుమని మోగించింది.

"ఇవాళ్టిది కాదమ్మా. ఈ అమ్మాయి మీ కడుపులో ఉన్నప్పుడు మీ నుంచి చేరినది. ఇప్పుడు బిడ్డకు వెళ్తోంది."

వర్ధనమ్మకు తన ఐస్‌క్రీమ్ డబ్బాలు గుర్తొచ్చాయి. మేధ కడుపులో ఉన్నన్నాళ్ళూ వేడి రసం వాటిలోనే పోసుకుని తాగింది.

వియ్యపురాలు ముసిముసిగా నవ్వింది. "పోన్లెండి వదినగారూ, మీ తరఫు ఆస్తి బిడ్డకు అప్పుడే ముట్టింది."

వర్ధనమ్మ ఊరుకునే రకమా? "ఆగండి, మా అమ్మ నాకేం రాసిచ్చిందో కూడా విందాం" అంటూ పట్టీ విప్పి తన నడుముకు చుట్టుకుంది.

వాళ్ళమ్మ నుంచి వచ్చినవన్నీ చదవడం మొదలుపెట్టిన పట్టీ దీపాలు పెట్టే వేళ దాకా ఆపలేదు.