ఆరున్నరకి వచ్చే ఒక్కరు

“ఆ పాత లోడ్ బ్యాలెన్సర్ ఇంకా తీసెయ్యలేదా భూమికా?” ఆఫీసు నుంచి అమర్‌నాథ్ ఫోన్ చేశాడు.

“తీసేసే టూల్ ఒప్పుకోలేదన్నా. రోజూ పొద్దున ఆరున్నరకి దాంట్లోకి ఒకరు వస్తా ఉండారంట.”

పూల ధరలు చెప్పే పాత యాప్‌ను కంపెనీ మూసేస్తోంది. ఆ యాప్‌లోకి వచ్చేవాళ్ళను సర్వర్లకు పంచే ఆ లోడ్ బ్యాలెన్సర్‌ను చెరిపేయడం, హోసూరులో అద్దెగదిలో ఒక్కతే కూర్చున్న భూమిక పని.

“ఆ ఒక్కరినీ వేరే దారికి మళ్ళించి తియ్యి. ఊరికే తెంచేస్తే తప్పు.”

ఆ ఒక్కరు తళి ఊళ్ళో ఉండే నాగక్క. భూమిక నంబరు వెతికి మాట్లాడింది.

“అక్కా, పూల ధరలకు కొత్త యాప్ వచ్చింది. వేసుకుంటారా?”

“నాకు పూలు యాడివమ్మా? గులాబీ తోట తీసేసి ఏడాదాయ.”

“మరి రోజూ ఎందుకు తెరుస్తారు?”

“తెరిస్తే ‘నమస్కారం నాగక్కా’ అంటాది. మా ఆయప్ప పోయినంక ఈ ఇంట్లో నా పేరు పలికేది అదొకటే. కొత్తది పలకతాదా?”

“లేదక్కా.”

“పోనీలే, తీసెయ్యి. నీ పేరేమమ్మా?”

“భూమిక,” అని చెప్పింది. ఈ గదిలో తన పేరు పలికేది అమర్‌నాథ్ ఒక్కడే, అదీ పని ఉంటేనే.

మధ్యాహ్నం అతను మళ్ళీ ఫోన్ చేశాడు. “తీసేసినావా?”

“తీసేసినానన్నా.”

“ఆ ఒక్కరినీ యాడికి మళ్ళించినావు?”

“నా నంబరుకే, అన్నా. పొద్దున ఆరున్నరకి.”