గాల్లో తిరిగే చక్రం

"ఒక్కణ్ణి కూడా దాటనియ్యొద్దు!" అని గట్టు మీది జవాన్లకి అరిచి చెప్తుండగానే, సబిన్‌స్పెక్టర్ వెంకటసుబ్బయ్య జీపు వాగులో ఓ పక్కకి ఒరిగి ఆగిపోయింది.

అవతలి ఒడ్డున కూలోళ్ల సభ. ఇవతల నుంచి నాయకుడు దాటాడో, ఉద్యోగం ఊడుద్దని పైనుంచి గట్టిగానే చెప్పారు. ఆ నాయకుడి పేరు తెలీదు, మొహం తెలీదు. అందుకే వాగు దగ్గర జనాన్నంతా నిలేసి, తను అవతలికి పోయి గుంపుని చెదరగొడదామని బయల్దేరాడు. ఇదీ గతి. పైన వాన. నీళ్లు పెరుగుతున్నయి.

"ఏందిరా రసూలూ! మిలిటరీ బండి, నాలుగు చక్రాలూ లాగుద్దని కోతలు కోశావుగా!" అని డ్రైవరు మీద ఎగిరాడు.

"లాగాలంటే నేల తగలొద్దా సార్! బండి రాళ్ల మీదికెక్కి, ముందు చక్రమొకటి, వెనక చక్రమొకటి గాల్లోకి లేచినయి. ఇంజను బలమంతా ఆ రెండిటికే పోతంది. నేలమీదున్నయి కదలట్లా. వెనక ఈ మూల బరువు పడాల."

గట్టు మీద మగోళ్లు పంచెలెగ్గట్టారు. "మేమొస్తాం అయ్యా!"

"మగోడనేవాడు కదిలితే కాళ్లిరగ్గొడతా!" ఆయనేం తక్కువోడు కాదు. నాయకుడు ఆ గుంపులోనే ఉండి ఉంటాడు. "ఏమే, కలుపు తీతకొచ్చినోళ్లూ! మీరు రాండి."

ఇద్దరు ఆడోళ్లు మోకాలి నీళ్లలో నడిచొచ్చి వెనక ఎక్కారు. వాళ్లలో ఫిలోమినా అనే ఆవిడ చక్రం వంక చూసి, "అచ్చం మా పొలం ఆసామే! పన్జెయ్యకుండా గాల్లో తిరిగేదానికే బలమంతానా?" అంది.

రసూలు నవ్వు మింగాడు.

"నోర్ముయ్! ఏరా, చాలదా?"

"ఇంకొకరు కావాల సార్."

గట్టు మీద బక్కపల్చటి నడివయసు మనిషి ఒకామె మిగిలింది. "నేను రాను బాబూ. నాకు నీళ్లంటే భయం."

"ఎక్కుతావా, లాకప్పులో కూకోబెట్టమంటావా?"

ఆమె మెల్లగా వచ్చింది. వెంకటసుబ్బయ్యే రెక్క పట్టి లోపలికి లాగాడు. చక్రం దిగి నేలని కరిచింది. జీపు మూలిగి ముందుకి దూకింది.

"గట్టెక్కిందాకా వాళ్లని దించమాకండి సార్! బరువు తగ్గితే నడివాగులో మళ్లీ ఇంతే."

నీళ్లు కాళ్ల కిందికొచ్చినయి. జీపు జారింది, ఆగింది, మళ్లీ లాగింది. ఆఖరికి అవతలి గట్టెక్కి నిలబడింది.

వెంకటసుబ్బయ్యకి ప్రాణం లేచొచ్చింది. మీసం తుడుచుకుని, ఎదురుగా ఉన్న గుంపు మీద విరుచుకుపడ్డాడు. "పోండిరా ఇళ్లకి! మీ నాయకుడు రాడు. వాగు దాటే మొగాడే లేడు!"

జనం ఆయన వంక చూడలా. ఓ ముసలాయన జీపు వెనక్కి పోయి, ఆ బక్కపల్చటి మనిషికి చెయ్యందించాడు.

"దిగు లీలావతమ్మా. నువ్వు లేందే సభ ఎట్టా మొదలెట్టేదా అని పొద్దుట్నించీ చూస్తన్నాం."