గోరంత రాయికి దీపాలు

"గోరంత రాయికి కొండంత దీపాలా?" గుమ్మంలోనే గయ్యిమంది భార్య.

గుమాస్తా తలెత్తలేదు. ఎత్తే ఓపిక లేదు. వారం పాటు నడుం పట్టుకుని మెలికలు తిరిగిపోయాక, ఆ పొద్దున్నే కిడ్నీలో రాయి బయటపడింది. "ఎలా ఉందో ఫోటో తీసి పంపండి, స్పష్టంగా ఉండాలి. నీళ్ళు బాగా తాగండి, లేదంటే ఇంకోటి తయారవుతుంది," అన్నాడు డాక్టరు. బయటపడిన రాయి వెలుగులోకి మాత్రం రానంది. ఎన్నిసార్లు తీసినా నల్ల మచ్చే!

అందుకే ఈ తంటా. అట్టపెట్టెకు అటూ ఇటూ కిటికీలు కోసి, ట్రేసింగ్ పేపరు అంటించి, బయట చెరోపక్కా టేబుల్ లైటు పెట్టాడు. లోపల తెల్ల చార్టు మడత పడకుండా వంచాడు. ఒక బల్బు పసుపు, ఒకటి తెలుపు కావడంతో రాయికి సగం కామెర్లొచ్చాయి. ఉసూరుమంటూ వెళ్ళి వంటింటి బల్బు పీక్కొచ్చాడు.

"నా పూసల లోలాకులకు ఇలాంటి పెట్టె చేసిపెట్టమని ఎన్నాళ్ళుగా మొత్తుకుంటున్నాను? ఆన్‌లైన్లో కొట్టు పెట్టానన్న మాటే గానీ, ఆ చీకటి ఫోటోలకు ఒక్క ఆర్డరొస్తే ఒట్టు! ఈ నెల చూసి మూసేస్తాను."

"ఆగవే. నొప్పులు పడి కన్నవాణ్ణి. ముందు నా బిడ్డకు తియ్యనీ."

"రాయిలాంటి మనిషికి రాయి కాక రత్నం పుడుతుందా?"

కెమెరా బాగుండేది ఆమె ఫోనులోనే. దాన్ని పుస్తకాల దొంతరకు ఆనించి నొక్కాడు. నీడన్నది లేదు. ముళ్ళు ముళ్ళుగా, తేనెరంగులో ధగధగమంది రాయి! ఫోటో డాక్టరుకు పంపేసి, అదే వెలుగులో ఆమె లోలాకులన్నీ తీసి, "అన్నీ నీ ఫోనులోనే ఉన్నాయి, కొట్లో పెట్టుకో," అని మంచమెక్కేశాడు.

మర్నాడు పొద్దున్నే కేక. "ఏవండీ! లేవండి! ఆర్డరొచ్చింది!"

గుమాస్తా మూలుగుతూ లేచి, నీళ్ళసీసా మూత తిప్పాడు. "హమ్మయ్య! ఎర్ర పూసలవా, నీలం పూసలవా?"

"రెండూ కావు. ఫోటోలన్నీ చూసుకోకుండా ఒకేసారి ఎక్కించేశాను కదా... మీ రాయే నచ్చిందట ఎవరో ఒకావిడకి."

"నా రాయా?"

"చెవులకట. జత కావాలట," అంటూ భార్య అతని చేతిలోని నీళ్ళసీసా మెల్లగా లాగేసుకుంది.