పుస్తకంలో లేని బరువు

“ఈ బండి కిందికి దిగదు నాయనా. దొర్లుతుంది,” అన్నాడు ముసలాయన.

రస్టన్ వినిపించుకోనట్టు మినీవ్యాన్ బానెట్ మూశాడు. కోల్టర్ కనుమ ఎక్కేసరికి ఇంజను వేడెక్కి, పైనున్న పెట్రోలు బంకు దగ్గర ఆపాల్సి వచ్చింది. అరగంటలో చల్లబడింది. ఇక మిగిలింది తొమ్మిది మైళ్ళ దిగుడు. ఆ కింద సరస్సు, సరస్సు ఒడ్డున సాయంత్రం భోజనం కోసం ఎదురుచూస్తూ నలభై ముగ్గురు బంధువులు.

ఏటా జులైలో వాళ్ళ వంశమంతా అక్కడ గుడారాలు వేసుకుని మూడు రోజులు గడుపుతుంది. మొదటి రోజు వంట అన్నదమ్ములది, వంతులవారీగా. ఈ ఏడు రస్టన్ వంతు. పోయినేడు వాళ్ళన్న గ్రాంట్ చల్లటి శాండ్‌విచ్‌లు పెట్టి, ఇవాళ్టికీ అందరి నోళ్ళలో నానుతున్నాడు.

అందుకే రస్టన్ ఏదీ వదిలిపెట్టలేదు. వ్యాన్‌లో తను, భార్య జనీల్, అత్తగారు ఆర్డిత్, నలుగురు పిల్లలు. పైన సామాన్ల పెట్టె. వెనక తగిలించిన చిన్న క్యాంపర్, హ్యాండిల్ తిప్పితే కప్పు లేచి గుడారమయ్యే రకం, ఇప్పుడు మడిచి ఉంది. ఆ మడతల మధ్య పదకొండు పోత ఇనుప దాకలు, నాలుగు బస్తాల బొగ్గులు, రెండు బస్తాల బంగాళాదుంపలు, ఒక జనరేటరు, నిండా నీళ్ళున్న డబ్బాలు. వ్యాన్ వెనక భాగం కుంగిపోయి, మూతి ఆకాశం వైపు లేచింది.

ముసలాయన పేరు వెల్డన్. బంకు ఆయనదే. కుర్చీలోంచి లేచి వచ్చి, వంగి, క్యాంపర్‌ని తగిలించిన కొక్కెం రోడ్డుకి ఎంత ఎత్తులో ఉందో చేత్తో కొలిచాడు. జానెడు కూడా లేదు. ఎంత బరువు లాగుతుంది ఈ బండి అని అడిగాడు.

రస్టన్ డ్యాష్‌బోర్డు అరలోంచి బండి పుస్తకం తీసి పేజీ తిప్పి చూపించాడు. మూడున్నర వేల పౌండ్లు. క్యాంపర్, అందులో సామాను కలిపి మూడు వేలు.

“దాకలతో సహా ఒక్కొక్కటీ బాత్రూం కాటా మీద తూచాను. ఇంకా ఐదు వందలు మిగులు.”

వెల్డన్ కళ్ళజోడు పెట్టుకుని, పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు. ఆ లెక్క బండిలో ఇద్దరే ఉన్నప్పటిది. మూడో మనిషి దగ్గర్నుంచి ప్రతి మనిషీ, ప్రతి పెట్టే అందులోంచి తీసెయ్యాలి.

“నన్ను తూచలేదు కదా అల్లుడూ,” అంది ఆర్డిత్ కిటికీలోంచి. “మొహమాటపడ్డావేమో.”

పిల్లలు నవ్వారు. రస్టన్ నవ్వలేదు.

క్యాంపర్‌కి విడిగా బ్రేకులున్నాయా అని వెల్డన్ అడిగాడు. లేవు. ఇంత చిన్నదానికి అక్కర్లేదని అమ్మినవాడు చెప్పాడట. అయితే సగం దారిలో వ్యాన్ బ్రేకులు కాగిపోతాయన్నాడు వెల్డన్. తరవాత తొక్కితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది గానీ బండి ఆగదు. వెనకది ముందుదాన్ని తోస్తుంది. ఇదంతా రేపు వానొస్తుందని చెప్పినంత నెమ్మదిగా చెప్పాడు.

అంతలో ఒక ట్రక్కు తనకంటే పొడవైన ట్రైలర్‌ని లాక్కుంటూ వాళ్ళ ముందునుంచే దిగువకి వెళ్ళింది. రస్టన్ చెయ్యి చాచి దాన్ని చూపించాడు.

“దాని వెనక కూడా బ్రేకులున్నాయి,” అన్నాడు వెల్డన్.

దాకలు, బొగ్గులు, జనరేటరు, నీళ్ళు ఇక్కడే దించెయ్యమన్నాడు. వెనక షెడ్డులో పెడతాడు. తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకోవచ్చు. ఆయనకేమీ ఇవ్వక్కర్లేదు.

“దించేద్దాం,” అంది జనీల్.

“దించి వెళ్ళి ఏం పెట్టను? పచ్చి బంగాళాదుంపలా? గ్రాంట్ నవ్వుతాడు.”

“నవ్వనీ. మనం ఉంటేనే కదా నవ్వేది.”

రస్టన్ ఆమెని పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. ముక్కూ మొహం తెలియని మనిషి. వేసవిలో ఈ దారిన ఇలాంటి కుటుంబాలు ఎన్ని పోతాయో. పిల్లల తల్లుల్ని నాలుగు మాటలతో భయపెట్టి, ఒక్కో బండి నుంచి ఒక్కో జనరేటరు దించుకున్నా చాలు. మనం తిరిగొచ్చేసరికి బంకుకి తాళం వేసి ఉంటుంది.

జనీల్ బంకు వెనక వైపు తల తిప్పి చూసింది.

“అయితే ముందు షెడ్డు చూద్దాం. అందులో నీకు అనుమానం కలిగించేది ఒక్కటి కనపడినా ఏదీ దించొద్దు. ఎక్కి కూర్చుంటాను. మళ్ళీ నోరెత్తను.”

ముగ్గురూ బంకు వెనక్కి నడిచారు. వెల్డన్ రేకు తలుపు తోశాడు.

లోపల గోడ పొడుగునా సామాన్లు. ఐసు పెట్టెలు, మడత కుర్చీలు, గుడారాలు, గ్యాసు పొయ్యిలు, పిల్లల సైకిళ్ళు రెండు, లైఫ్ జాకెట్లు. అన్నీ తుడిచి వరసగా పేర్చి ఉన్నాయి. కొన్ని రంగు వెలిసిపోయాయి. ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నట్టున్నాయి.

రస్టన్ భార్య వంక చూశాడు. జనీల్ ఇచ్చిన మాట ప్రకారం వ్యాన్ వైపు తిరిగింది.

“బాగానే పోగేశారు పెద్దాయనా,” అన్నాడు రస్టన్. “మీ మాట నమ్మి దించినవాళ్ళు తిరిగి రాలేదా, వస్తే మీరే ఇవ్వలేదా?”

వెల్డన్‌కి కోపం రాలేదు. కింద పడి ఉన్న చిన్న లైఫ్ జాకెట్ ఒకటి తీసి, దులిపి, మేకుకి తగిలించాడు.

“దించినవాళ్ళంతా వచ్చి ఎవరిది వాళ్ళు తీసుకెళ్ళారు నాయనా,” అన్నాడు. “ఇవి దించమన్నా దించనివాళ్ళవి. లోయలోంచి మేమే ఏరుకొచ్చాం.”