మగ గొంతు

రికార్డింగులో మగ గొంతు ఒక్కసారిగా అరిచింది. బోరమ్ వేళ్లు కీబోర్డు మీదే బిగుసుకుపోయాయి. హెడ్‌ఫోన్స్ లాగి పడేసింది.

"మళ్లీ అక్కడే ఆగావు," అంది అక్క మీగ్యోంగ్.

"రేపు పరీక్షలో కూడా ఇలాగే ఆగితే అయిపోయానక్కా. వీడియోల కింద మాటలు వేసే ఉద్యోగం. విన్నది విన్నట్టు టైపు చెయ్యాలి."

"అయితే చెప్పు, ఏమంటున్నాడు వాడు?"

"తిడుతున్నాడు."

"ఏమని?"

ఏడేళ్ల కాపురంలో అలాంటి గొంతు లేచినప్పుడల్లా బోరమ్‌కు మాటలు వినపడేవి కావు. దెబ్బ ఎటునుంచి పడుతుందో అనే చూసుకునేది. విడాకులు తీసుకుని, బుసాన్ వచ్చి అక్క పంచన చేరినా ఆ భయం వదల్లేదు.

మీగ్యోంగ్ హెడ్‌ఫోన్స్ తీగ పీకేసింది. "ఇద్దరం విందాం. వాడేం అందులోంచి దూకి రాడులే."

చేపల బజారు రొద గదంతా నిండింది. అరుపు వచ్చింది. బోరమ్ అక్క చెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని వింది.

"నాన్నా! ముందు తిను! సూపు చల్లారిపోతోంది! గంపలు నేను మోస్తాలే!"

ఆ వెనకే ఒక ముసలి గొంతు, "ఆఁ? ఏంటీ?" అంది.

"పాపం, చెవిటి తండ్రే పిల్లా!" మీగ్యోంగ్‌కు నవ్వాగలేదు.

బోరమ్ నవ్వలేదు. చెంపల మీది నీళ్లయినా తుడుచుకోకుండా ఆ మాటలన్నీ టైపు చేసింది.

తర్వాతి రికార్డింగులోనూ ఎవరో మగవాడు గొంతెత్తాడు. మీగ్యోంగ్ గబుక్కున సౌండు తగ్గించబోయింది.

బోరమ్ ఆ చెయ్యి పక్కకు తోసింది. వేళ్లు మళ్లీ కీబోర్డు మీద పెట్టింది.

"ఉండక్కా, ఏమంటున్నాడో విననీ."