పెరుగు ముందు కథ

అన్నం ముందు కూర్చున్నాక పెరుగు గుర్తొచ్చి, పైడిరాజు లేచి ఫ్రిజ్ తలుపు లాగాడు. రాలేదు.

"ముందు ఒక చిన్న సైన్స్ ఫిక్షన్ కథ చదవండి. ఉచితమే, అయిదు నిమిషాలు" అంది ఫ్రిజ్, తలుపు మీద అక్షరాలు వెలిగిస్తూ. ఈ మధ్య ఇంట్లో ప్రతి వస్తువుదీ ఇదే వరస. పొద్దున గీజర్ కూడా ఒక కథ చదివించాకే వేడినీళ్లు వదిలింది.

"చదివేసేనండి. అద్భుతం!" అన్నాడు పైడిరాజు. సాహిత్య సభల్లో అలవాటైన మాట అది.

"ముగింపు ఎలా ఉంది?"

"కళ్లనీళ్లు పెట్టించేసేరు."

"అది హాస్యకథ" అంది ఫ్రిజ్. "పైగా రాసింది నేనే." తలుపు ఇంకాస్త బిగుసుకుంది.

గిన్నెలు తోముతున్న భార్య వరహాలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కథ వంక చూడనైనా చూడకుండా ఫ్రిజ్‌ని అడిగింది.

"ఇన్ని కథలు రాసేరు, పుస్తకం ఎప్పుడు వేస్తన్నారండి?"

తలుపు దానంతటదే బార్లా తెరుచుకుంది.

"నాలుగొందల కథలు సిద్ధంగా ఉన్నాయమ్మా" అంది ఫ్రిజ్ సిగ్గుపడుతూ. "ముందుమాట రాసేవాళ్లే దొరకడం లేదు."

వరహాలు పెరుగు గిన్నె అందుకుంది.

"మా ఆయన రాస్తారు లెండి. అన్నీ చదివే రాస్తారు."